స్టెంటు వేశారు, మరి మనసు సంగతి?

ఖురం పార్కులో చెరువు చుట్టూ ఒక రౌండు పూర్తయ్యేసరికి సగం మస్కట్ కబుర్లు తెలిసిపోతాయి మనకి. ఆ రోజు మాత్రం నాతో నడిచే అక్క నోరు విప్పలేదు. వాళ్ళాయనకి గుండెపోటు వచ్చి, స్టెంటు వేసి రెండు నెలలైంది.

"రిపోర్టులన్నీ బాగున్నాయే. మీ బావగారే బాగాలేరు. విశాఖ నుంచి మనవరాలు ఫోన్ చేసినా, పడుకున్నానని చెప్పు అంటున్నారు" అంది చివరికి.

మనమైతే దీన్ని నీరసం అంటాం, మందుల వేడి అంటాం. కానీ గుండెపోటు వచ్చినవాళ్ళలో సుమారు ఐదుగురిలో ఒకరికి డిప్రెషన్ వస్తుంది. మాంట్రియల్‌లో చేసిన ఓ అధ్యయనం 1993లో వెలువడింది. గుండెపోటు తర్వాత డిప్రెషన్‌లో ఉన్నవాళ్ళకి, ఆరు నెలల్లోపు ప్రాణాపాయం మిగతావాళ్ళకంటే మూడు రెట్లకు పైనే అని అందులో తేలింది. దిగులుగా ఉన్న మనిషి మాత్రలు మానేస్తాడు, నడక మానేస్తాడు, నిద్రపోడు. ఒంట్లో స్ట్రెస్ హార్మోన్లూ ఊరుకోవు.

గల్ఫ్‌లో దీనికి ఇంకోటి తోడు: ఉద్యోగం ఉంటుందా, వీసా ఏమవుతుంది అన్న భయం. ఆ భయం మగవాళ్ళు బయటికి చెప్పరు. మనమేమో "ధైర్యంగా ఉండండి" అంటాం. (నేనూ అన్నాను, తప్పే.) ఆ మాటతో ఆయన నోరు ఇంకా మూతపడుతుంది.

దానికి బదులు రెండే అడగండి. ఈ రెండు వారాల్లో ఏ పని మీదా ఆసక్తి లేకుండా ఉందా? దిగులుగా, ఆశ లేనట్టు ఉందా? డాక్టర్లు కూడా మొదట అడిగేవి ఇవే. అవునంటే చెకప్‌లో గుండె డాక్టరుకే చెప్పండి. గుండె జబ్బు ఉన్నవాళ్ళకి సరిపడే డిప్రెషన్ మందులున్నాయి, సెర్ట్రలిన్ అలాంటిదే. రక్తం పల్చబడే మాత్రలు వాడుతుంటే ఆ సంగతీ చెప్పాలి, రెండూ కలిస్తే రక్తస్రావం పెరగొచ్చు. కౌన్సెలింగ్‌తో ఆయుష్షు పెరుగుతుందని 2003 నాటి పెద్ద పరిశోధనలో తేలలేదు, దిగులు మాత్రం తగ్గింది. నాకు అదే చాలనిపిస్తుంది.

బతికి ఏం లాభం అన్నారా, ఒంటరిగా వదలొద్దు. ఇక్కడ ఎమర్జెన్సీ 9999. ఇండియాలో ఉన్నవాళ్ళకి టెలీమానస్ 14416, తెలుగులో మాట్లాడతారు.

అక్క డాక్టరుకి చెప్పింది. మందు మొదలైంది. ముందు ఒక బెంచీ దాకా, తర్వాత రెండో బెంచీ దాకా నడక. పోయిన శుక్రవారం సాయంత్రం బావగారు బెంచీ మీద కూర్చుని, వీడియో కాల్‌లో మనవరాలికి చెరువు చూపిస్తున్నారు. పది అడుగుల అవతల నిలబడ్డ అక్క, పలకరించొద్దని నాకు సైగ చేసింది.