టెలిస్కోపు పెట్టినా ఫోర్‌సైట్ కనబడాలి



మన హాస్టల్ పిల్లల్లో ఎన్.సి.సి.లో చేరేవారు ఎప్పుడూ ఉంటారు. ఆ తర్వాత పోలీసు, సి.ఆర్.పి.ఎఫ్., సైన్యం ఉద్యోగాలకు వెళ్ళేవారూ ఉన్నారు. సెలవుల్లో హాస్టల్‌కు వెళ్ళినప్పుడల్లా తమ్ముళ్ళు ఒకే ప్రశ్న అడుగుతారు: "అన్నా, సినిమాల్లో రైఫిల్ మీద దుర్భిణి ఉంటుంది కదా, మాకిచ్చే .22 రైఫిల్‌కు ఎందుకుండదు? మాది పాత సరుకా?" ఇంకొకరు, "దుర్భిణి పెడితే ముందున్న ఫోర్‌సైట్ ఇక కనబడదు కదా, అది పాడైతే ఏం చేస్తారు?" అంటారు. రెండో ప్రశ్న చాలా మంచి ప్రశ్న. నేను చదివింది భౌతికశాస్త్రం కనుక, నాకు తెలిసినంతలో జవాబు చెప్పే ప్రయత్నం చేస్తాను.

గురి అంటే ఏమిటి?

రైఫిల్‌తో పాటే బిగించి వచ్చే బ్యాక్‌సైట్‌ను, ఫోర్‌సైట్‌ను కలిపి ఐరన్ సైట్లు అంటారు. కన్ను, బ్యాక్‌సైట్ రంధ్రం, ఫోర్‌సైట్ కొన, లక్ష్యం ఒకే గీత మీదికి రావాలి. చిక్కేమిటంటే మన కన్ను ఒకేసారి దగ్గరి వస్తువును, దూరపు వస్తువును స్పష్టంగా చూడలేదు. అందుకే ఇన్‌స్ట్రక్టర్లు "ఫోర్‌సైట్ కొననే చూడు, టార్గెట్ కాస్త మసకగా ఉన్నా ఫరవాలేదు" అని మళ్ళీ మళ్ళీ చెబుతారు.

ఎందుకో చిన్న లెక్క చేద్దాం. రెండు సైట్ల మధ్య దూరం 60 సెంటీమీటర్లు అనుకోండి. ఫోర్‌సైట్ కొన ఒక్క మిల్లీమీటరు పక్కకు జరిగితే, 25 మీటర్ల దూరంలో తూటా సుమారు 4 సెంటీమీటర్లు పక్కకు పోతుంది. 100 మీటర్ల దూరంలో దాదాపు 17 సెంటీమీటర్లు పోతుంది. అదే ఒక మిల్లీమీటరు తప్పు టార్గెట్ దగ్గర జరిగితే నష్టం ఒక మిల్లీమీటరే. గ్రూపింగ్ చెదరడానికి ముఖ్యమైన కారణాల్లో ఇదొకటి.

టెలిస్కోపు ఈ చిక్కును తీరుస్తుంది. దాని కటకాలు లక్ష్యం ప్రతిబింబాన్ని, గురి గీతలను ఒకే తలం మీదికి తెస్తాయి. కన్ను ఒక్కచోట చూస్తే చాలు. దూరపు వస్తువు పెద్దదిగా కూడా కనబడుతుంది. కానీ కన్ను కటకం వెనుక సరైన దూరంలోనే ఉండాలి. అటూ ఇటూ జరిగితే అంచుల్లో నల్లటి నీడ వస్తుంది. ఎంత పెద్దదిగా చూపిస్తే అంత తక్కువ మేర కనబడుతుంది.

మన అడవిలో అయితే?

కిన్నెరసాని వైపో, దుమ్ముగూడెం, చర్ల వైపో అడవి చూసినవారికి తెలుసు. వెదురు పొదలు, టేకు చెట్లు దట్టంగా ఉన్నచోట చూపు ఎక్కువ దూరం ఆనదు. అంత దగ్గరలో దుర్భిణిలోంచి చూస్తే ఆకులు తప్ప మరేమీ తెలియదు. పైగా వానాకాలం. మంచి టెలిస్కోపుల్లో నత్రజని నింపి మూస్తారు కనుక లోపల ఆవిరి పట్టదు. కానీ బయటి కటకం మీద చినుకు పడినా, తేమ పట్టినా, బురద చిందినా తుడిచేదాకా అది గుడ్డిదే. మన ప్రాంతంలో డ్యూటీ చేసే జవానుకు ఆ క్షణంలో పాత ఫోర్‌సైటే దిక్కు. అందుకే టెలిస్కోపును రైఫిల్‌కు పట్టి ఉంచే మౌంటు, ఐరన్ సైట్ల దారికి అడ్డు రాకూడదు. దీనికి కనిపెట్టిన పద్ధతులు కొన్ని ఉన్నాయి. ప్రతిదానికీ ఒక లాభం, ఒక నష్టం ఉన్నాయి.

1. ఎత్తు మౌంటు: టెలిస్కోపును ఎత్తుగా నిలిపి, కింద సొరంగంలా ఖాళీ వదులుతారు. ఆ ఖాళీలోంచి ఐరన్ సైట్లు కనబడతాయి. ఏదీ విప్పనక్కరలేదు, తల కాస్త దించితే చాలు. కానీ పై నుంచి చూసేటప్పుడు చెంప బట్టు మీద ఆనదు, తల గాలిలో తేలుతుంది, గురి నిలవదు. ఇంకొకటి, గొట్టానికీ చూపు గీతకూ మధ్య ఎత్తు పెరుగుతుంది. ఆ ఎత్తు 7 సెంటీమీటర్లు ఉండి, 100 మీటర్లకు గురి సరిచేసి ఉంటే, 10 మీటర్ల దగ్గర తూటా కొన్ని సెంటీమీటర్లు కిందికి తగులుతుంది.

2. పక్క మౌంటు: మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో బ్రిటిష్ సైన్యం చాలా లీ ఎన్‌ఫీల్డ్ రైఫిళ్ళకు టెలిస్కోపును ఎడమ పక్కకు జరిపి బిగించింది. పై నుంచి తూటాలు నింపడానికీ, ఐరన్ సైట్లు వాడడానికీ దారి మిగిలింది. నష్టం లెక్కలోనే ఉంది. టెలిస్కోపు 4 సెంటీమీటర్లు ఎడమకు ఉండి 100 మీటర్లకు సరిచేస్తే, తూటా 50 మీటర్ల దగ్గర 2 సెంటీమీటర్లు కుడికి, 200 మీటర్ల దగ్గర 4 సెంటీమీటర్లు ఎడమకు పోతుంది. రెండు గీతలు కలిసేది ఒక్కచోటే.

1963లో సోవియట్ సైన్యం స్వీకరించిన డ్రాగునోవ్ రైఫిల్‌లో ఇదే ఆలోచనను మెరుగుపరిచారు. మన భారత సైన్యం కూడా ఈ రైఫిల్‌ను వాడింది. ఎడమ పక్కన ఉన్న పట్టాకు బ్రాకెట్టు తగులుతుంది. నాలుగు రెట్లు పెద్దదిగా చూపే టెలిస్కోపు దాదాపు గొట్టం పైకే వస్తుంది, దాని కిందనుంచి ఐరన్ సైట్లు కనబడతాయి.

3. విప్పే మౌంటు: రెండో ప్రపంచ యుద్ధంలో వాడిన .303 నంబర్ 4 మార్క్ 1 (టి) రైఫిల్ దీనికి మంచి ఉదాహరణ. రెండు పెద్ద మరలను చేత్తో తిప్పితే టెలిస్కోపు బ్రాకెట్టుతో సహా ఊడి వస్తుంది. వెంటనే బ్యాక్‌సైట్ లేపి వాడుకోవచ్చు. తిరిగి పెట్టినప్పుడు గురి మారకూడదని ఏ రైఫిల్‌కు ఆ టెలిస్కోపునే జతచేసి, రైఫిల్ నంబరును బ్రాకెట్టు మీద కొట్టేవారు. చెంప చక్కగా ఆనేలా టెలిస్కోపును కిందికి బిగించుకోవచ్చు, ఇది లాభం. విప్పడానికి సమయం పడుతుంది, తిరిగి బిగించాక కాల్చి సరిచూసుకోవాలి, ఇది నష్టం.

4. ఏటవాలు సైట్లు: ఈ పద్ధతిలో టెలిస్కోపు పైనే ఉంటుంది. చిన్న ఐరన్ సైట్లను 45 డిగ్రీల వాలులో పక్కన బిగిస్తారు. రైఫిల్‌ను కాస్త పక్కకు వంచితే అవి కంటి ముందుకు వస్తాయి. చాలా వేగం. కానీ బరువు పెరుగుతుంది, పొదల్లో తీగలకు తగులుకుంటాయి, వీటిని విడిగా సరిచేయాలి.

ఒక అపోహ కూడా తీర్చాలి. పెద్దదిగా చూపే టెలిస్కోపులోంచే ఫోర్‌సైట్‌ను చూసి గురి పెట్టడం కుదరదు. దగ్గరి వస్తువు అందులో మసకబారిపోతుంది. పెద్దదిగా చూపని ఎర్రచుక్క సైటు అయితే, దాని అద్దంలోంచి ఐరన్ సైట్లను మామూలుగానే చూడవచ్చు.

ఎంచుకునే వరుస

ఏ మౌంటైనా ఈ వరుసలో పరీక్షించాలి. ఎంత దూరంలో పని? టెలిస్కోపులోంచి చూసినప్పుడు చెంప ఆనుతోందా? అది ఉండగానే, లేదా క్షణాల్లో తీసేసి, ఫోర్‌సైట్ చూడగలమా? తూటాలు నింపే దారికి, బోల్టు కదలికకు అడ్డుందా? విప్పి బిగిస్తే గురి నిలుస్తోందా? చివరగా, రెండు సైట్లనూ విడివిడిగా కాల్చి సరిచేశామా? ఆఖరి ప్రశ్న మరిచిపోతే మిగతావి సరిగ్గా ఉన్నా ప్రయోజనం లేదు. ఎప్పుడూ సరిచూడని ఐరన్ సైట్లు ఉన్నా లేనట్టే.

ఇదంతా రేంజిలో, ఇన్‌స్ట్రక్టర్ సమక్షంలో నేర్చుకోవలసిన విద్య. లైసెన్సు లేకుండా తుపాకీ దగ్గర ఉంచుకోవడం 1959 ఆయుధ చట్టం కింద నేరం. 1972 వన్యప్రాణి చట్టం కింద అడవిలో వేట కూడా నేరమే.

ఇక తమ్ముళ్ళ మొదటి ప్రశ్న. ఒలింపిక్స్ రైఫిల్ పోటీల్లో టెలిస్కోపు వాడడానికి వీల్లేదు. హైదరాబాదులో పెరిగిన గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో కాంస్యం గెలిచింది రంధ్రం ఉన్న బ్యాక్‌సైట్‌తోనే. ఆ టార్గెట్ మీద పది పాయింట్ల చుక్క అర మిల్లీమీటరు మాత్రమే! కాబట్టి మీ చేతిలో ఉన్నది పాత సరుకని చిన్నబుచ్చుకోవద్దు. రేపు ఉద్యోగంలో మీకు ఖరీదైన టెలిస్కోపు ఇవ్వవచ్చు. దాని కటకం మీద గోదావరి వాన పడిన రోజున, ఎన్.సి.సి. శిబిరంలో ఫోర్‌సైట్ కొన మీద నిలిపిన చూపే మిమ్మల్ని ఆదుకుంటుంది. శ్వాస బిగబట్టడం, చెంప ఆనించడం, ట్రిగ్గర్‌ను నెమ్మదిగా నొక్కడం ఈ ఏడే బాగా నేర్చుకోండి.

వచ్చే శిబిరంలో మన హాస్టల్ పిల్లల గ్రూపింగ్ అందరికంటే చిన్నదిగా రావాలని ఆశిస్తూ,

మీ పూర్వ విద్యార్థి,
ఎం.ఎస్సీ. (భౌతికశాస్త్రం)