సిలికాన్ ద్విబంధానికి కాపలా

రెండు కార్బన్ పరమాణువుల మధ్య ద్విబంధం తేలిగ్గా ఏర్పడుతుంది. ఆవర్తన పట్టికలో కార్బన్ కిందే ఉన్న సిలికాన్‌కు మాత్రం అది సాధ్యం కాదని రసాయన శాస్త్రం చాలాకాలం నమ్మింది. సిలికాన్ పరమాణువు పెద్దది, బంధం పొడవు ఎక్కువ. అందువల్ల పక్కపక్కనున్న పి-ఆర్బిటాళ్లు చాలినంతగా అతిపాతం చెందవు, రెండో బంధం బలహీనంగానే ఉంటుంది.

ఆ నమ్మకం వెనుక సిలికాన్‌తోనూ, అలాంటి ఇతర బరువైన మూలకాలతోనూ ఎదురైన ఎన్నో భంగపాట్లు ఉన్నాయి. 1877లో భాస్వరం ద్విబంధంతో తయారైందనుకున్న ‘ఫాస్ఫోబెంజీన్’ నిజానికి వలయమని తర్వాత తేలింది. ఇంగ్లండ్‌లో సిలికాన్ ద్విబంధం కోసం ప్రయత్నించిన ఫ్రెడరిక్ కిప్పింగ్‌కు చిక్కింది కూడా నాలుగు సిలికాన్‌ల వలయమే. వీటన్నిటినీ మించినది పాల్ ఎర్లిక్ పొరపాటు. 1910లో సిఫిలిస్‌కు మందుగా వచ్చిన సాల్వర్సాన్‌లో ఆర్సెనిక్ ద్విబంధం ఉందని ఆయన భావించాడు. ఆ నిర్మాణమే దశాబ్దాలపాటు పుస్తకాలకెక్కింది. అందులో ఉన్నవి ముఖ్యంగా మూడు, అయిదు ఆర్సెనిక్‌ల వలయాలని 2005లో మాస్ స్పెక్ట్రోమెట్రీ చూపించింది.

అన్నిచోట్లా వలయాలే ఎదురవడానికి కారణం ఒకటే. ద్విబంధాలున్న రెండు అణువులు దగ్గరైతే బలహీనమైన రెండో బంధాలు తెగి, వాటి స్థానంలో గట్టి ఏకబంధాలు ఏర్పడతాయి. కాబట్టి బంధాన్ని బలపరచడం కంటే అణువులను ఒకదాని దరికి మరొకటి రానివ్వకపోవడమే అసలు ఉపాయం.

1981లో అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో రాబర్ట్ వెస్ట్ బృందం దాన్ని చేసి చూపింది. కాపలాకు ఎంచుకున్నది మెసిటిల్: మూడుచోట్ల మిథైల్ ఉన్న బెంజీన్ వలయం. ముందుగా మూడు సిలికాన్‌ల గొలుసు తయారుచేసి, నడిమి సిలికాన్‌కు రెండు మెసిటిళ్లు, చివరి రెండింటికీ మిథైళ్లు తగిలించారు. దానిపై అతినీలలోహిత కాంతి పడగానే చివరి రెండు సిలికాన్‌లు తమ మిథైళ్లతో సహా జతకట్టి వేరైపోతాయి. మిగిలిన నడిమి ముక్కలు రెండేసి కలిసి సిలికాన్ ద్విబంధమున్న అణువు, అంటే డైసిలీన్, అవుతాయి. ఇంతకంటే ముచ్చటైన చర్య రసాయన శాస్త్రంలో అరుదు. నాలుగు మెసిటిళ్లు చుట్టూ ఉండడంతో మరో డైసిలీన్ అణువు లోపలికి చొరబడలేదు. నారింజ-పసుపు స్ఫటికాలు వచ్చాయి. సిలికాన్‌ల మధ్య దూరం 2.16 ఆంగ్‌స్ట్రామ్‌లు, ఏకబంధంలో అది సుమారు 2.35. అయితే గాలి తగిలితే ఆక్సిజన్‌తో చర్య జరిగిపోతుంది. ఆక్సిజన్ అణువు చిన్నది, ఆ కాపలా దాన్ని ఆపలేదు.

అదే ఏడాది జపాన్‌లో యోషిఫుజి బృందం ఇంకా పెద్ద సమూహాలతో భాస్వరం ద్విబంధాన్ని సాధించింది. 2004లో సెకిగుచి బృందం సిలికాన్ త్రిబంధాన్నీ పట్టుకుంది. ఎసిటిలీన్‌లా తిన్నగా ఉండవలసిన ఆ అణువు దాదాపు 137 డిగ్రీల కోణంలో వంగి ఉంది. బరువైన మూలకాల్లో ఎస్-ఎలక్ట్రాన్లు పి-ఎలక్ట్రాన్లతో సులువుగా కలవవు. వంపు అక్కడినుంచే వస్తుంది.

ఉపయోగం ఏమిటన్న ప్రశ్న వీటిని ఇంకా వదల్లేదు. 2005లో ఫిలిప్ పవర్ బృందం ఇలాంటి జెర్మేనియం సమ్మేళనం మామూలు ఉష్ణోగ్రత, పీడనాల వద్దే హైడ్రోజన్‌తో చర్య జరుపుతుందని చూపింది. అంతవరకూ ఆ పని పరివర్తన లోహాలదేనని అనుకునేవారు.