ఎండుచేప నాట్యమాడుతుందా?

జపాన్‌లోని ఒసాకా నగరంలో మిత్రులతో వీధులు చుట్టే యాత్రికులు ఇష్టంగా తినే చిరుతిండి 'తకోయాకి'. జారుగా కలిపిన గోధుమపిండిలో ఆక్టోపస్ ముక్క ఉంచి, మన గుంతపొంగణాల్లాగే గుంతల పెనంపై కాలుస్తారు. వేడివేడిగా ఉండగానే పైన ఎండుచేప పొరలు చల్లుతారు. వెంటనే అవి మెలికలు తిరుగుతూ ఆడతాయి! వాటికి ప్రాణముందా?

లేదు. చేపను ఉడికించి, పొగబెట్టి, కట్టెలా గట్టిపడేదాకా ఎండబెట్టి, వడ్రంగి చిత్రిక పట్టినట్లు తీసిన పల్చని పొరలవి. కిందినుంచి వచ్చే ఆవిరి తేమను అడుగువైపు ముందుగా పీల్చుకుని సాగుతుంది. పైవైపు ఇంకా పొడిగానే ఉంటుంది. అందుచేత పొర వంగుతుంది. పైకి లేచే వేడిగాలి దానిని ఊపుతుంది.

మీరూ పరీక్షించండి. చిన్న ట్రేసింగ్ కాగితం ముక్కను నీటిపై మెల్లగా వదలండి. అంచులు ఎటు లేస్తాయి? ఎందుకో చెప్పగలరా?