చైనీయుల బీమా ఇంగ్లీషు

తమ్ముళ్లూ, ఇంగ్లీషు మనకొక్కరికే కష్టం కాదు. మనం పాలసీ, ప్రీమియం, క్లెయిమ్ అని ఇంగ్లీషు మాటలే వాడేస్తాం. చైనీయులు వాటికి సొంత పదాలు కట్టుకున్నారు. బీమా అంటే వారికి 'బావ్‌షియెన్'. ఇనప్పెట్టె, కరెంటు ఫ్యూజు పేర్లలోనూ అదే మాట! బీమా పత్రం 'బావ్‌దాన్'. 'పాలసీ' అనగానే ప్రభుత్వ విధానమనుకునే ప్రమాదముంది.

అసలు చిక్కు క్రియలతోనే. చైనా భాషలో కాలాన్నిబట్టి క్రియారూపం మారదు, 'నిన్న' అంటే చాలు. ఆ అలవాటుతో క్లెయిమ్ ఫారంలో 'హాపెన్డ్'కు బదులు 'హాపెన్' అని రాసి తేదీ వదిలేస్తే, ప్రమాదం పాలసీకి ముందు జరిగిందా, తర్వాతా? డబ్బు రావడం దానిమీదే ఉంటుంది. కాబట్టి వాళ్లు తేదీ రాయడం మానకూడదు.

మా నాన్న 'పాలసీ కట్టాను' అంటాడు. ఇంగ్లీషులో పాలసీ తీసుకుంటారు, కట్టేది ప్రీమియం.