తండ్రి పాట, తనయుని భాష

నర్సీపట్నంలో గాని నల్లగొండలో గాని తెలుగు పాఠశాలలో చదివినవారికి రాయప్రోలు సుబ్బారావుగారి 'జన్మభూమి' గేయాన్ని క్రొత్తగా పరిచయం చేయనక్కరలేదు. పరదేశంలో నిలిచినా తల్లినేల గౌరవాన్ని మరువవద్దని యువకులకు ఆయన చేసిన ప్రబోధమది. ఆ గేయకర్త కుమారుడు నిజంగానే సముద్రాలు దాటి వెళ్ళినారు, కవియై తిరిగివచ్చినారు. అయితే ఆ కవిత్వం తెలుగులో లేదు, ఆంగ్లంలో ఉన్నది. తండ్రి పాట నోటికి వచ్చినవారిలో కుమారుని పేరు విన్నవారు బహు కొద్దిమంది.

శ్రీనివాస్ రాయప్రోల్ 1925లో సికిందరాబాదులో జన్మించినారు. తండ్రి నవ్యకవిత్వానికి దారితీసిన 'తృణకంకణం' కర్త; ఉస్మానియా విశ్వవిద్యాలయంలో తెలుగు ఆచార్యులు. అటువంటి ఇంట పుట్టిన బిడ్డకు తెలుగు పద్యం ఉగ్గుపాలతోనే అబ్బవలెనని లోకం ఎదురుచూడడం సహజం. కుమారుడు మాత్రం సివిల్ ఇంజనీరింగు చదివినారు. కాశీ హిందూ విశ్వవిద్యాలయంలో చదివిన పిమ్మట కాలిఫోర్నియాలోని స్టాన్‌ఫోర్డు విశ్వవిద్యాలయంలో చేరినారు.

అమెరికాలో ఉండగానే, 1949లో, విలియం కార్లోస్ విలియమ్స్ అనే కవితో ఆయనకు ఉత్తరాల పరిచయం కలిగినది. ఇరువది నాలుగేండ్ల విద్యార్థికీ, అరువది దాటిన ఆ పెద్దకూ మొదలైన స్నేహం 1958 వరకు లేఖలలో సాగినది. విలియమ్స్ వృత్తిచేత వైద్యుడు. న్యూజెర్సీ రాష్ట్రంలో రూథర్‌ఫర్డ్ అనే చిన్న పట్టణంలో రోగులను చూస్తూ, దొరికిన వ్యవధిలో పద్యాలు, కథలు, నవలలు, నాటకాలు వ్రాసినారు. ఎదుట కనిపించే వస్తువూ, ఇరుగుపొరుగువారు మాట్లాడే మాటా కవిత్వానికి చాలునని ఆయన విశ్వాసం. గిడుగు రామమూర్తి పంతులుగారి వాదం ఎరిగిన మనకు ఇది పరాయి మాటగా తోచదు. పైగా విలియమ్స్ తల్లి ప్యూర్టోరికోకు చెందినది. చిన్ననాట ఆయన ఇంట వినిపించిన భాష స్పానిషు. ఇంటి భాష ఒకటి, కావ్యభాష మరొకటి కావడమంటే ఏమిటో ఆయనకు తెలుసు.

చిక్కు ఇక్కడనే ఉన్నది. విలియమ్స్‌కు వీధిలో చెవినబడిన మాటయే పద్యమైనది. సికిందరాబాదు వీధులలో వినిపించేవి తెలుగు, ఉర్దూ. ఆంగ్లంలో వ్రాయబూనిన తెలుగువాడు ఎవరి పలుకుబడిని పట్టుకోవలె? శ్రీనివాస్ తన అంతరంగపు పలుకునే పట్టుకొన్నారు. తండ్రి ప్రతిపాదించినది అమలిన శృంగారం. కుమారుడు దేహపు కోరికను, సంసారపు ప్రేమను, మనసులోని వెలితిని అలంకారాలు తగ్గించి చెప్పినారు. ఇంటిపేరును సైతం 'రాయప్రోల్' అని వ్రాసికొన్నారు. పదాలు అచ్చుతో ముగియడం తెలుగు లక్షణమని ఉపాధ్యాయులు చెబుతారు. ఆ చివరి ఉకారం జారిపోయిన పేరులోనే ఆయన రెండు లోకాల నడుమ నిలిచిన తీరు కనిపిస్తుంది.

స్వదేశానికి తిరిగివచ్చి ఇంజనీరుగా ఉద్యోగం చేస్తూనే, 1956 నుండి 1961 వరకు సికిందరాబాదు నుండి 'ఈస్ట్ అండ్ వెస్ట్' అనే ఆంగ్ల త్రైమాసిక పత్రికను నడిపినారు. 'బోన్స్ అండ్ డిస్టెన్సెస్' 1968లోను, 'మ్యారీడ్ లవ్ అండ్ అదర్ పోయెమ్స్' 1972లోను వెలువడినవి. ఆపై మరొక సంపుటం, 'సెలెక్టెడ్ పోయెమ్స్', 1995లో గాని రాలేదు. ఆ నడుమ గడచిన ఇరువది మూడేండ్లే ఆయన చెల్లించిన మూల్యం చెబుతున్నవి. తెలుగు పాఠకులకు ఆయన ఆంగ్లకవి. ఆంగ్ల పాఠకులకు దూరదేశపు ఇంజనీరు. 1998లో ఆయన కన్నుమూసినారు.

కీర్తి తరువాత వచ్చినది. 2009లో ఆయన పేర యువకవులకు పురస్కారం ఏర్పడినది. విలియమ్స్‌తో జరిపిన లేఖలు 2018లో అమెరికాలోను, ఎన్నికైన పద్యాలు, వచనరచనలు 2020లో ఇంగ్లండులోను గ్రంథరూపం దాల్చినవి. ఆ లేఖల సంపుటికి పెట్టిన పేరు 'ఇప్పుడు పద్యం ఎందుకు వ్రాయాలి' అనే అర్థమిచ్చే ప్రశ్న.

ఆంగ్లంలో వ్రాసినందుకు తండ్రి గీతాన్ని కుమారుడు ధిక్కరించినాడని తీర్పు చెప్పడం సులభం. కాని దూరదేశంలోనే స్థిరపడక, సికిందరాబాదుకు మరలివచ్చి ఇక్కడినుండి పత్రిక నడిపిన మనిషి జన్మభూమిని విడిచినాడనగలమా? 'జన్మభూమి' పాఠం చెప్పే ఉపాధ్యాయుడు ఆనాడే ఈ కుమారుని కథ కూడ చెప్పి, ఈ ప్రశ్నను విద్యార్థుల ముందుంచవచ్చును. ఇంట తెలుగు, బడిలో ఆంగ్లంతో పెరుగుతున్న నేటి పిల్లలకు అది తమ ప్రశ్నయే.