కడుపునొప్పి వెనక కథ

కలిదిండి నుంచి కైకలూరు వైపు వెళ్తుంటే రోడ్డుకు అటూ ఇటూ చేపల చెరువులే. గట్ల మీద కాపలా గుడిసెలు. మేత వేయడానికి, రాత్రిళ్ళు కాపలా కాయడానికి వచ్చిన కుటుంబాలు పిల్లాపాపలతో అక్కడే ఉంటాయి. తండ్రి తాగొచ్చి తల్లిని కొట్టే రాత్రి, ఆ పిల్లలు పరుగెత్తి తలుపు తట్టడానికి దరిదాపుల్లో ఇంకో ఇల్లుండదు. తెల్లారి బడికొచ్చిన పిల్లవాడు ఆ సంగతి చెప్పడు. కడుపునొప్పి అంటాడు. పక్కవాణ్ణి కొడతాడు. పదేళ్ళొచ్చినా పక్క తడుపుతాడు. మనం వాణ్ణి మొండివాడంటాం, దడుచుకున్నాడని తాయెత్తు కడతాం.

ఆ నొప్పి నటన కాదు. ఇంట్లో రోజూ భయమే అయితే పిల్లల ఒంట్లో ప్రమాద సమయానికి పుట్టే హార్మోన్లు తగ్గకుండా ఉండిపోతాయి. నిద్ర చెడుతుంది, ఆకలి చెడుతుంది, చదివింది తలకెక్కదు. చిన్న శబ్దానికే ఉలిక్కిపడే పిల్లవాడికి ఎక్కాలు ఎలా వస్తాయి?

ఈ దెబ్బ పెద్దయ్యాక కూడా వదలదని అమెరికాలో విన్సెంట్ ఫెలిట్టి అనే డాక్టరు గమనించారు. 1980లలో ఆయన దగ్గర ఊబకాయానికి వైద్యం చేయించుకుంటూ, చక్కగా బరువు తగ్గుతున్నవాళ్ళే మధ్యలో మానేశారు. కదిపి చూస్తే చాలామందికి చిన్నప్పుడు లైంగిక వేధింపులు జరిగాయి. రాబర్ట్ ఆండాతో కలిసి 1998లో ఆయన ప్రచురించిన అధ్యయనం ప్రకారం, బాల్యంలో నాలుగు లేదా అంతకుమించిన రకాల కష్టాలు పడ్డవారిలో తాగుడు, డిప్రెషన్, ఆత్మహత్యాయత్నం వంటివి 4 నుంచి 12 రెట్లు ఎక్కువ. అయితే ఇది ఎందరో మనుషుల మీద తీసిన లెక్క, ఏ ఒక్క బిడ్డకూ జాతకం కాదు.

తర్వాత పదిగా స్థిరపడిన ఆ కష్టాల పట్టికలో కొట్టడం, తిట్టడం, పట్టించుకోకపోవడం, ఇంట్లో తాగుడు, తల్లిదండ్రులు విడిపోవడం ఉన్నాయి. కువైట్ లేదు. గోదావరి జిల్లాల నుంచి ఇంటి పనికి గల్ఫ్ వెళ్ళే ఆడవాళ్ళ సంగతి మనకు తెలిసిందే. పెద్దగా చదువుకోని మహిళలకు 30 ఏళ్ళు నిండితేగాని అక్కడి పనికి ప్రభుత్వం అనుమతివ్వదు. వాళ్ళ మేలు కోరి పెట్టిన నిబంధనే. కానీ మన పల్లెల్లో ఆ వయసుకు పిల్లలు బడిలో ఉంటారు. అంటే వెళ్ళేది దాదాపు అమ్మే. ఆమె పంపిన డబ్బుతో ఇల్లు లేస్తుంది, అప్పు తీరుతుంది. ఆమెను తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు. ఫోన్లో మాత్రమే కనిపించే అమ్మ కోసం బిడ్డ పడే బెంగను మాత్రం ఎవరూ లెక్కలోకి తీసుకోవడం లేదు.

పిల్లలు పైకి చెప్పుకోలేని ఇంకో కష్టం లైంగిక వేధింపు. 2007లో విడుదల చేసిన అధ్యయనం కోసం కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ 13 రాష్ట్రాల్లో 12,447 మంది పిల్లలను అడిగింది. 53 శాతం మంది ఏదో ఒక రకం లైంగిక వేధింపు ఎదుర్కొన్నామన్నారు. మగపిల్లలు అందులో తక్కువేం కాదు. ఎక్కువగా బయటపడిన రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. సగం సందర్భాల్లో ఆ పని చేసింది తెలిసినవాళ్ళే. 2012లో పోక్సో చట్టం వచ్చింది. పరువు పోతుందని ఇంట్లోనే నొక్కేసే అలవాటు మాత్రం పోలేదు.

ఆశ ఎక్కడుందో హవాయి దీవుల్లో ఒకటైన కవాయి చెప్పింది. 1955లో అక్కడ పుట్టిన 698 మందిని ఎమ్మీ వెర్నర్ బృందం దశాబ్దాల పాటు గమనించింది. పేదరికం, ఇంటి గొడవలు, తాగుడు మధ్య పెరిగినవారిలో మూడోవంతు మంది చక్కగా నిలబడ్డారు. వారిలో చాలామందికి చిన్నప్పుడు నమ్ముకోదగ్గ పెద్దమనిషి కనీసం ఒకరు ఉన్నారు: అమ్మమ్మో, మేనత్తో, టీచరో, పక్కింటావిడో.

కలిదిండి, కైకలూరు లాంటి మన కొల్లేరు ఊళ్ళలో అలాంటి పెద్దలకు కొరత లేదు. అమ్మ కువైట్లో ఉంటే పెంచుతున్నది అమ్మమ్మో, నాయనమ్మో. కానీ ఆవిడకు మోకాళ్ళ నొప్పులు, బీపీ, పైగా ఒంటరితనం. ఆవిడకు తోడు నిలవాల్సింది అంగన్‌వాడీ, ఆశా కార్యకర్తలు, పంచాయతీ. టీచరూ అలాంటి అండ కావాలంటే ముందు బెత్తం వదలాలి. బడిలో కొట్టడాన్ని విద్యా హక్కు చట్టం నిషేధించింది. ఇంట్లో దెబ్బలు తిన్నవాడికి బెత్తం నేర్పేది ఇంకో భయమే.

మీ తరగతిలోనో, మీ వీధిలోనో తరచూ కడుపునొప్పి అనే పిల్లలుంటే ముందు డాక్టరుకు చూపించండి. ఒంట్లో ఏమీ లేదని తేలితే తిట్టకండి, పక్కన కూర్చుని అడగండి. చెప్పింది నమ్మండి. బిడ్డ ప్రమాదంలో ఉంటే 1098కి, మనసు బాగోలేకపోతే టెలీ మానస్ 14416కి ఫోన్ చేయండి. రెండూ ఉచితమే, రాత్రీ పగలూ పలుకుతాయి.