ఖాడీ మొగ - ఊరి క్షేమం

భివండీకి సముద్రంతో సంబంధం లేదని మనలో చాలామంది అనుకుంటాము. తెలంగాణా జిల్లాల నుండి మన పెద్దలు ఇక్కడికి వచ్చినది మగ్గం పనికే గాని పడవ పనికి కాదు. అందువలన మన ఇండ్లలో వాన మాట వచ్చినంతగా సముద్రం మాట రాదు. కాని నదీ నాకా వంతెన క్రింద పారే కామ్‌వారీ నది ఉల్హాస్ ఖాడీలో కలుస్తున్నది. ఆ ఖాడీ వసయి దగ్గర సముద్రంలో పడుతున్నది. పూర్వం సరుకు పడవలు ఆ దారినే భివండీ రేవుకు వచ్చేవి. పడవలు పోయినా, సముద్రపు పోటు మాత్రం నేటికీ దినానికి రెండు మార్లు ఆ దారినే మన వైపు వచ్చి పోతున్నది.

ఈ రాకపోకలను కొలిచి లెక్క కట్టే శాస్త్రం ఒకటున్నది. దానివలన మనవంటి సంసారులకు కలిగే ప్రయోజనమేమిటో తెలుపుటకే ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాము.

సముద్రం ఖాడీలోనికి గాని, ఉప్పునీటి సరస్సులోనికి గాని ప్రవేశించే ఇరుకు దారిని మన తెలుగు తీరంలో 'మొగ' అంటారు. నీరు పొంగి లోనికి వచ్చుట పోటు; తగ్గి వెనుకకు పోవుట ఆటు. మన మరాఠీ పొరుగువారు వీటినే భరతీ, ఓహోటీ అంటారు. ఒక పోటుకూ మరుసటి పోటుకూ నడుమ సుమారు 12 గంటల 25 నిమిషాలు పడుతుంది. కనుకనే నేటి పోటు వేళ రేపటికి సుమారు 50 నిమిషాలు వెనుకకు జరుగుతుంది. అమావాస్య, పున్నములకు పోటు హెచ్చు. పంచాంగం చూడనేర్చిన ఇంట ఇది వింత కాదు.

వాన నీరు సముద్రానికి పోవలెనన్నా ఈ మొగే దారి. ఆటు వేళ కురిసిన వాన సులువుగా వెళ్ళిపోతుంది. అదే వాన పోటు వేళ కురిస్తే ఎదురుగా సముద్రం నిలబడి ఉంటుంది. 2005 జూలై 26న శాంతాక్రూజ్‌లో 24 గంటలలో 944 మిల్లీమీటర్ల వాన పడినది. ఆ మధ్యాహ్నమే దాదాపు నాలుగున్నర మీటర్ల పోటు కూడ వచ్చినది. ముంబాయి, ఠాణా, కల్యాణ్, భివండీ ప్రాంతాలన్నీ నీట నానిన ఆ దినాన్ని మనవారెవరూ మరువలేరు. ఎంత వాన పడినదన్నది సగం లెక్క మాత్రమే. ఆ వేళ మొగ వద్ద సముద్రం ఏ ఎత్తున ఉన్నదన్నది మిగిలిన సగం.

మరి ఆ మొగ ఎంత వెడల్పు, ఎంత లోతు ఉండాలో నిర్ణయించేదేమిటి? అలలు ఎల్లప్పుడూ ఇసుక తెచ్చి మొగను పూడ్చజూస్తాయి. వచ్చిపోయే పోటు నీరు ఆ ఇసుకను నెట్టివేస్తుంది. ఈ రెంటి పోరులో ఏది గెలిస్తే మొగ అట్లుంటుంది. అమెరికాలో మారో ఓబ్రయన్ అనే ఇంజనీరు పసిఫిక్ తీరపు మొగలను పరిశీలించి, ఒక పోటుకు లోపలికి వచ్చే నీరెంతో, దానికి తగినంతగానే మొగ పరిమాణం ఉంటుందని 1931లో ప్రకటించినాడు. తరువాతి వారు ఈ లెక్కను ఇంకను సవరించి వాడుతున్నారు. మన పెరటి తూము సంగతీ ఇంతే. నిండుగా నీళ్ళు పారే తూము పూడదు. నీళ్ళు తగ్గితే నాలుగు దినాలలో మట్టి పేరుకుంటుంది.

ఈ చిన్న సూత్రంలో పెద్ద నీతి ఉన్నది. పోటు నీరు వచ్చి పరచుకునే పల్లపు నేలను, మడ చెట్ల బురద నేలను మనం మట్టి పోసి ఎత్తు చేస్తే, అంత నీటికి లోపల చోటు తగ్గిపోతుంది. నీరు తగ్గితే దాని ఊపు తగ్గుతుంది. ఊపు తగ్గితే ఖాడీలో పూడిక చేరుతుంది. పూడిక చేరితే వాన నీరు మరింత ఆలస్యంగా దిగుతుంది. కనుక ఒకరు తమ స్థలమే పూడ్చుకున్నామనుకున్నా, దాని ఫలం ఎక్కడో ఎగువన ఉన్న వారి ఇంటి గడప దగ్గర కనబడుతుంది.

మన వైపు పడమటి తీరాన పోటు పెద్దది గనుక మొగలు అంత తొందరగా మూసుకుపోవు. ఆంధ్ర, తమిళనాడుల తూర్పు తీరం సంగతి వేరు. అక్కడ పోటు సుమారు ఒక మీటరే. పైగా అలల వాలున ఒడ్డు వెంట సాగే ఇసుక చాల హెచ్చు. అందుచేత అక్కడి మొగలకు ఆయువు తక్కువ. ఆంధ్ర, తమిళనాడు సరిహద్దున ఉన్న పులికాట్ సరస్సే ఇందుకు సాక్ష్యం. శ్రీహరికోట దీవి ఈ సరస్సుకూ బంగాళాఖాతానికీ నడుమ గోడవలె ఉన్నది. దక్షిణాన పళవేర్కాడు, ఆంధ్ర వైపు రాయదొరువు, తూపిలిపాలెం వద్ద మొగలున్నాయి. ఆంధ్ర వైపు మొగలు పూడినప్పుడు సముద్రపు నీరు రాదు, రొయ్య పిల్ల రాదు, ఎండకాలంలో ఉత్తర భాగం ఎండి ఉప్పు పర్రగా మారుతుంది. అప్పుడు జాలరి నీళ్ళున్న చోటు వెతుక్కుంటూ దక్షిణానికి పోవలె. అక్కడి జాలరులతో తగవు పడవలె. పని కోసం ఊరు విడిచిన మనకు ఆ బాధ వేరుగా చెప్పనక్కరలేదు.

పూడినచోట త్రవ్విస్తే సరిపోదా అని అడుగవచ్చు. ఎక్కడ, ఎప్పుడు, ఎంత త్రవ్వాలో తెలియక త్రవ్వితే ఒక్క ఋతువులోనే ఇసుక మరల కప్పివేస్తుంది. కొలిచి త్రవ్వితే ఏమగునో ఒడిశాలోని చిలికా సరస్సు చూపినది. దాని పాత మొగ దూరం జరిగి, దారి పూడి, సరస్సులో ఉప్పదనం తగ్గి, కలుపు అల్లుకొని, చేపలు క్షీణించినవి. చెడిపోతున్న తడినేలల అంతర్జాతీయ జాబితాలో 1993లో దాని పేరు చేరినది. మన మహారాష్ట్రలోనే, పుణె దగ్గర ఖడక్‌వాస్లాలో ఉన్న, 1916లో స్థాపించబడిన కేంద్ర జల విద్యుత్ పరిశోధనాలయం వారు పోటు, ఇసుకల లెక్క కట్టి అధ్యయనాలు చేసినారు. 2000 సెప్టెంబరు 23న క్రొత్త మొగ తెరువబడినది. రెండేండ్లలో చేపల దిగుబడి ఎన్నో రెట్లు పెరిగినది. 2002లో ఆ జాబితా నుండి చిలికా పేరు తొలగినది. అయినను మొగ శాశ్వతం కాదు. 2019 ఫణి తుఫాను అక్కడ మరల క్రొత్త మొగలు తెరిచినది. కనుక కొలత ఒకసారితో ముగిసేది కాదు.

ఈ విద్యలో తెలుగువారి పాలు తక్కువ కాదు. 1952 ప్రాంతంలో అమెరికా శాస్త్రజ్ఞుడు యూజీన్ లాఫాండ్ వాల్తేరు వచ్చి ఆంధ్ర విశ్వకళా పరిషత్తులో సముద్ర శాస్త్రానికి ఊపు తెచ్చినాడు. అక్కడి వారు ఋతువును బట్టి విశాఖ ఒడ్డు ఎట్లు కోసుకుపోయి, ఎట్లు తిరిగి నిండుతున్నదో కొలిచినారు. ఇక సముద్రమే లేని హైదరాబాదులో 1999 నుండి భారత జాతీయ సముద్ర సమాచార సేవా కేంద్రం పనిచేస్తున్నది. జాలరులకు అలల హెచ్చరికలు, 2007 నుండి సునామీ హెచ్చరికలు అక్కడి నుండే వెలువడుతున్నవి. సముద్రం చూడని ఊరివాడు సముద్రాన్ని గూర్చి తెలుసుకొనరాదన్న నియమం ఎక్కడా లేదు.

మన ఊరికీ ఈ జ్ఞానం అక్కరకు వస్తుంది. కామ్‌వారీలో ఏ ఎత్తు పోటుకు, ఎంత వానకు ఈద్గా వైపు నీరు వస్తుందో లెక్క ఉంటే, సాంచాల మోటార్లు, బీములు, బియ్యపు బస్తాలు ముందే మెట్టకు చేర్చుకొనవచ్చు. నదిలో కలిసిన రంగు నీళ్ళు సముద్రానికి చేరక, పోటుతో ఎన్ని మార్లు వెనుకకు వస్తాయో తెలిస్తే, వాటిని శుద్ధి చేయకుండ వదలరాదని గట్టిగా అడుగవచ్చు. పల్లపు నేలను పూడ్చే ముందు నీటికి ఎంత చోటు పోవునో కొలవమని అడుగుట కూడ పౌరులుగా మన హక్కే.

నెలకొక పర్యాయం జీతం లెక్క, దినమూ గజాల లెక్క చూచుకునే వాళ్ళం మనం. వానాకాలంలో పత్రికలలో వచ్చే పోటు వేళలను కూడ ఒకసారి చూచి గోడమీది క్యాలెండరులో గుర్తు పెట్టుకొనుట మంచిది. చదువుకునే మన పిల్లలలో ఎవరికైనా ఈ విద్యపై మనసు పోతే, ఇది మగ్గానికి పనికిరాని చదువని ఆపకుందుము గాక. మగ్గం నడిచేది ఊరు పొడిగా ఉన్నప్పుడే గదా!